గురుత్వాకర్షణ, దాని చుట్టూ తిరిగే లెక్కలు: పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు సాయంత్రం పూట ఫిజిక్స్ చెబుతాను. ఏటా జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు, ప్రశ్నలు మాత్రం దాదాపు పాతవే. వాటిని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంటూ వచ్చాను. ఎక్కువసార్లు వచ్చినవి ఇక్కడ పెడుతున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. లెక్క చూడగానే సూత్రం కోసం వెతక్కండి. "ఈ వస్తువును ఎవరు లాగుతున్నారు? ఎవరు తోస్తున్నారు?" అని ముందు అడగండి. నా జవాబులన్నీ ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతాయి.

"కింద" అంటే ఏ వైపు సార్? భూమికి అవతలి వైపు వాళ్లు తలకిందులుగా ఉంటారా?

కింద అంటే భూమి కేంద్రం వైపు, అంతే. తిరుపతిలో వాన చినుకు ఆ వైపే పడుతుంది, అమెరికాలో చినుకూ ఆ వైపే పడుతుంది. ఎవరి కాళ్లు వాళ్లకు కేంద్రం వైపే ఉంటాయి కాబట్టి ఎవరూ తలకిందులుగా లేరు. ఒక గుండ్రటి బత్తాయి మీద నాలుగు వైపులా నాలుగు గుండుసూదులు గుచ్చి చూడండి. నాలుగింటికీ మొన లోపలికే ఉంటుంది.

చిన్న జీ, పెద్ద జీ రెండూ ఒకటేనా?

కాదు. ఈ తేడా తెలియక పోయే మార్కులు చాలా ఎక్కువ.

ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ ద్రవ్యరాశి ఉన్న ప్రతి ఇతర వస్తువునూ లాగుతుంది. న్యూటన్ 1687లో చెప్పిన నియమం ఇది. రెండు ద్రవ్యరాశులను గుణించి, మధ్య దూరం వర్గంతో భాగించి, ఒక స్థిరాంకంతో గుణిస్తే ఆ బలం వస్తుంది. ఆ స్థిరాంకమే పెద్ద జీ. దాని విలువ 6.67 × 10⁻¹¹. భూమి మీదైనా, చంద్రుడి మీదైనా, ఎక్కడైనా అదే. కావెండిష్ 1798లో సన్నటి తీగకు సీసపు గుండ్లు వేలాడదీసి, పక్కన పెద్ద గుండ్లు పెట్టి, తీగ మెలిపడ్డ కొద్దిపాటి కోణాన్ని కొలిచాడు. పెద్ద జీ విలువ ఆ కొలత నుంచే తేలింది.

ఎంత చిన్న సంఖ్యో చూడండి. ఒకే బెంచీ మీద మీటరు దూరంలో కూర్చున్న ఇద్దరు 50 కిలోల పిల్లలు ఒకరినొకరు లాగే బలం సుమారు 0.00000017 న్యూటన్లు. ఒక్క చక్కెర పలుకు బరువులో ఇది చిన్న భాగం. అందుకే మీకు అది తెలియదు. భూమి ద్రవ్యరాశి 6 × 10²⁴ కిలోలు కాబట్టి దాని లాగుడు మాత్రం తెలుస్తుంది.

చిన్న జీ అంటే భూమి లాగినప్పుడు వస్తువుకు వచ్చే త్వరణం, అంటే సెకనుకు దాని వేగం ఎంత మారుతుందో అది. పెద్ద జీని భూమి ద్రవ్యరాశితో గుణించి, భూమి వ్యాసార్థం (64 లక్షల మీటర్లు) వర్గంతో భాగించండి. 9.8 మీ/సె² దగ్గర్లో వస్తుంది. ఇది చోటును బట్టి మారుతుంది, చంద్రుడి మీద 1.6 మాత్రమే. ఈ భాగహారం ఒక్కసారైనా మీ చేత్తో చేయండి. 9.8 ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లారా చూసినవాళ్లు దాన్ని మళ్లీ మరిచిపోవడం నేను చూడలేదు.

ద్రవ్యరాశికీ భారానికీ తేడా ఏంటి? అంగట్లో కిలోలే కదా చెబుతారు?

అంగట్లో చెప్పేది ద్రవ్యరాశి. వస్తువులో ఎంత పదార్థం ఉందో అది. భారం అంటే భూమి దాన్ని లాగే బలం, కొలత న్యూటన్లలో. తిరుమల చిన్న లడ్డు సుమారు 175 గ్రాములు ఉంటుంది. దాని ద్రవ్యరాశి 0.175 కిలోలు. 9.8తో గుణిస్తే భారం 1.7 న్యూటన్లు. మీ అరచేతిలో లడ్డు పెట్టుకున్నప్పుడు చేతికి తెలిసే బరువు అదే.

ఆ లడ్డు చంద్రుడి మీదికి చేరిందనుకోండి. బూందీ తగ్గదు, జీడిపప్పు తగ్గదు, ద్రవ్యరాశి 175 గ్రాములే. భారం మాత్రం 0.28 న్యూటన్లకు పడిపోతుంది. ఇక్కడో మంచి మెలిక ఉంది. రెండు తట్టల తక్కెడలో తూస్తే అక్కడా 175 గ్రాములే చూపిస్తుంది, ఎందుకంటే లడ్డు భారం తగ్గినట్టే అవతలి తట్టలోని గుండ్ల భారమూ తగ్గింది. ఇక్కడ అమర్చిన స్ప్రింగ్ త్రాసు తీసుకెళితే మాత్రం దాదాపు 29 గ్రాములు చూపిస్తుంది. తక్కెడ పోల్చి చూస్తుంది, స్ప్రింగ్ లాగుడును కొలుస్తుంది.

తిరుమల కొండ ఎక్కితే బరువు తగ్గుతామా?

ఈ ప్రశ్న మన ఊరి పిల్లలే అడుగుతారు, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. తగ్గుతారు, చాలా కొంచెం. భూమి కేంద్రం నుంచి దూరం పెరిగింది కాబట్టి జీ తగ్గాలి. కింది నుంచి పైకి సుమారు 700 మీటర్లు అనుకుందాం. ఒక్కో మీటరుకు జీ 0.000003 చొప్పున తగ్గుతుంది, 700 మీటర్లకు 0.002 చిల్లర. 60 కిలోల మనిషిని చాలా కచ్చితమైన స్ప్రింగ్ త్రాసు మీద నిలబెడితే సుమారు 13 గ్రాములు తక్కువ చూపించాలి. కొండ రాయి కూడా మనల్ని కిందికి లాగుతుంది కదా, అందుకని నిజంగా తగ్గేది ఇంకా తక్కువ. మెట్లెక్కి దిగాక కిలో తగ్గామని ఎవరైనా చెబితే అది చెమట, గురుత్వాకర్షణ కాదు. మంచినీళ్లు తాగమనండి.

బరువైన వస్తువే కదా ముందు పడాలి?

మామిడి తోటలో తోతాపురి కాయ దబ్బున పడుతుంది, ఆకు ఊగుతూ ఊగుతూ వస్తుంది. రోజూ చూసేది అదే కాబట్టి అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆకును ఆపుతున్నది గాలి. "ఎవరు తోస్తున్నారు?" అని అడిగి ఉంటే గాలి పేరు బయటికి వచ్చేది.

క్లాసులో ఇలా చేయిస్తాను. ఒక చేతిలో నోటుబుక్కు, ఇంకో చేతిలో కాగితం. రెండూ ఒకేసారి వదిలితే బుక్కు ముందు పడుతుంది. ఇప్పుడు బుక్కు కంటే చిన్నగా చించిన కాగితాన్ని బుక్కు పైన పరిచి, బుక్కును వదలాలి. కాగితం బుక్కును అంటిపెట్టుకుని దాంతోపాటే నేలకు చేరుతుంది. ఎవరో ఒకరు లేచి "గాలి దాన్ని బుక్కుకు అదుముతోంది సార్" అంటారు. అనుమానం రావడమే కావాలి నాకు. అప్పుడు అదే కాగితాన్ని గట్టిగా ఉండ చుట్టి, బుక్కు పక్కన అదే ఎత్తు నుంచి వదలమంటాను. చప్పుళ్లు రెండూ ఒకేసారి వినిపిస్తాయి. కాగితం బరువు మారలేదు, గాలికి అడ్డం పడే వైశాల్యం మారింది.

గాలి లేని చోట ఏమవుతుందో 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద చేసి చూపించాడు. ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని వదిలాడు. రెండూ కలిసే పడ్డాయి.

కారణం ఇది. రెట్టింపు ద్రవ్యరాశి ఉన్న వస్తువును భూమి రెట్టింపు బలంతో లాగుతుంది. కానీ దాన్ని కదిలించడమూ రెట్టింపు కష్టం. రెండూ కొట్టేసుకుని అందరికీ 9.8 మిగులుతుంది.

పైకి విసిరిన బంతి పైన ఒక్క క్షణం ఆగుతుంది కదా, అప్పుడు త్వరణం సున్నా కదా?

బాగా చదివే పిల్లలు కూడా జారేది ఇక్కడే. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిటారుగా విసిరారు, జీ 10 అనుకుందాం. ఒక సెకను తరువాత వేగం 10. రెండో సెకను చివర సున్నా. మూడో సెకను చివర మైనస్ 10, అంటే కిందికి 10. నాలుగో సెకను చివర మైనస్ 20. ప్రతి సెకనుకూ పది తగ్గుతూనే ఉంది. సున్నా దగ్గర ఆ తగ్గడం ఆగిందా? లేదు.

ఒక అబ్బాయికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. వాళ్ల నాన్నకు చిల్లర అంగడి ఉంది. చివరికి ఖాతా పుస్తకం లెక్క చెప్పాను. "మీ నాన్న దగ్గర ఒకాయన 20 రూపాయలు ముందే కట్టి ఉంచాడు. రోజూ 10 రూపాయల సరుకు తీసుకుపోతాడు. రెండో రోజు సాయంత్రం ఆయన లెక్క సున్నా. మూడో రోజు సరుకు తీసుకోవడం మానేశాడా?" "లేదు సార్, బాకీ మొదలవుతుంది" అన్నాడు. రెండు క్షణాలు ఆగి, తనే "ఓహ్, బాకీ అంటే మైనస్ వేగం" అన్నాడు. ఆ రోజు నాకు ఇంటికి వెళుతుంటే భలే హాయిగా అనిపించింది.

ఇంకో దారిలో చూడండి. పైన త్వరణం నిజంగానే సున్నా అయితే, వేగమూ సున్నా, మార్పూ సున్నా. బంతి అక్కడే గాల్లో వేలాడుతూ ఉండిపోవాలి. ఎప్పుడైనా అలా జరిగిందా? అక్కడ కూడా భూమి లాగుతూనే ఉంది, త్వరణం 9.8, కిందికి.

ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర ప్రతిసారీ తప్పు పోతోంది. ఏం చేయాలి?

లెక్క మొదట్లోనే ఒక బాణం గీయండి. "పైకి ప్లస్" అని దాని పక్కన రాయండి. ఆ తరువాత లెక్క పూర్తయ్యేదాకా మాట మార్చకండి.

15 మీటర్ల ఎత్తు మిద్దె మీద నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరారు. నేలను ఎప్పుడు తాకుతుంది? పైకి ప్లస్ కాబట్టి తొలి వేగం +10, త్వరణం −10. స్థానభ్రంశం −15, ఎందుకంటే చివరికి బంతి బయలుదేరిన చోటుకు 15 మీటర్లు కింద ఉంది. సూత్రంలో వేస్తే: −15 = 10 × కాలం − 5 × కాలం వర్గం. సవరిస్తే కాలం 3 సెకన్లు. ఇంకో జవాబు −1 వస్తుంది, విసరకముందు కాలం అది, వదిలేయండి. చాలామంది పైకి వెళ్లే కాలం వేరు, కిందికి వచ్చే కాలం వేరు చేసి రెండు పేజీలు రాస్తారు. తప్పు కాదు, కానీ గుర్తులు సరిగ్గా పెడితే ఒక్క వరసలో అయిపోతుంది.

తలకోన జలపాతం పైనుంచి నీటి చుక్క కిందికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

తలకోన ఎత్తు సుమారు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. తిన్నగా స్వేచ్ఛగా పడితే: ఎత్తును రెట్టింపు చేసి జీతో భాగించి వర్గమూలం తీయాలి. 164ను 9.8తో భాగిస్తే 16.7, వర్గమూలం 4.1 సెకన్లు. అప్పటికి వేగం సెకనుకు 40 మీటర్లు, గంటకు 144 కిలోమీటర్లు.

ఇప్పుడు చెప్పండి, ఆ వేగంతో నీళ్లు నెత్తిన పడితే మనం అక్కడ నిలబడి స్నానం చేయగలమా? జవాబు వచ్చాక అది నిజంగా కుదురుతుందా అని చూసుకోవడం కూడా లెక్కలో భాగమే. కింద పడే నీళ్లు రాళ్లకు తగులుతూ, గాలిలో తుంపరలుగా విడిపోతూ వస్తాయి. చుక్క చిన్నదయ్యే కొద్దీ గాలి దాన్ని ఎక్కువ ఆపుతుంది. ఒక వేగానికి చేరాక గాలి పైకి తోసే బలమూ, భూమి కిందికి లాగే బలమూ సమానమైపోయి వేగం పెరగడం ఆగుతుంది. దాన్ని అంత్య వేగం అంటారు. పెద్ద వాన చినుకుకు అది సెకనుకు సుమారు 9 మీటర్లు. మేఘం కిలోమీటర్ల ఎత్తున ఉన్నా వానలో మన నెత్తి పగలకపోవడానికి అదే కారణం.

చంద్రుడు భూమి మీద ఎందుకు పడడు?

పడుతూనే ఉన్నాడు. పక్కకు కూడా వెళుతున్నాడు కాబట్టి భూమిని తాకడు.

ఒక రాయిని అడ్డంగా విసిరితే కొంత దూరంలో పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం. భూమి గుండ్రం కాబట్టి, ఒక వేగం దగ్గర రాయి ఎంత కిందికి పడుతుందో నేల కూడా అంతే వంగిపోతుంది. ఇక అది ఎప్పటికీ నేలను చేరదు. చంద్రుడి దూరం భూమి వ్యాసార్థానికి 60 రెట్లు. లాగుడు 60 వర్గం, అంటే 3600 రెట్లు తగ్గుతుంది. ఒక్క సెకనులో చంద్రుడు సుమారు కిలోమీటరు పక్కకు జరిగి, 1.4 మిల్లీమీటర్లు మన వైపు పడతాడు. ఆ రెండూ కలిస్తే కక్ష్య.

అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ లేదు కాబట్టే తేలుతున్నారు కదా?

లేకపోవడం ఏమిటి, బోలెడంత ఉంది! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండేది 400 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ జీ 8.7. నేల మీద ఉన్నదాంట్లో తొంభై శాతం దగ్గర. వాళ్లూ, వాళ్ల గదీ, వాళ్ల మంచినీళ్లూ అన్నీ ఒకే త్వరణంతో కలిసి పడుతున్నాయి కాబట్టి నేల వాళ్ల కాళ్లను తోయదు. మనకు "బరువు" అని తెలిసేది భూమి లాగుడు కాదు, కాళ్ల కింది నేల తిరిగి తోసే తోపు. లిఫ్ట్ కిందికి బయలుదేరినప్పుడు కడుపులో తేలిగ్గా అనిపించేది అందుకే, ఆ క్షణం నేల తోపు కాస్త తగ్గింది. పైకి బయలుదేరితే తోపు పెరుగుతుంది, బరువెక్కినట్టు ఉంటుంది.

రాకెట్లు శ్రీహరికోట నుంచే ఎందుకు?

మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి ఇది తెలిసి ఉండాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. శ్రీహరికోట అక్షాంశం దగ్గర నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. రాకెట్ తూర్పుకు బయలుదేరితే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. కక్ష్యకు సెకనుకు 7.7 కిలోమీటర్ల దాకా కావాలి, అందులో 0.45 ఉచితం అంటే ఇంధనంలో పెద్ద ఆదా. పైగా తూర్పున అంతా సముద్రం, విడిపోయిన భాగాలు మనుషుల మీద పడవు. చంద్రయాన్-3 కూడా 2023 జులై 14న ఇక్కడి నుంచే బయలుదేరింది, ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది.

ఈసారి ప్రయోగం చూడటానికి వెళితే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. 20 కిలోమీటర్ల దూరంలో నిలబడితే మంట కనిపించాక దాదాపు నిమిషానికి చప్పుడు వస్తుంది. సెకన్లను 340తో గుణిస్తే మీ దూరం మీటర్లలో వస్తుంది.

ఘాట్ రోడ్డు మలుపులో బయటికి తోస్తున్నది ఎవరు?

ఎవరూ కాదు. మీ ఒళ్లు తిన్నగా పోదామని చూస్తోంది, బస్సు లోపలికి తిరుగుతోంది. సీటు, కిటికీ మిమ్మల్ని లోపలికి తోస్తున్నాయి. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును గంటకు 30 కిలోమీటర్లతో తిరిగితే కావలసిన త్వరణం 3.5 మీ/సె². ఆ బలాన్ని టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఇవ్వాలి. వేగాన్ని రెట్టింపు చేస్తే నాలుగు రెట్లు, 14 కావాలి. జీ కంటే ఎక్కువ! మామూలు రోడ్డు మీద టైరు అంత పట్టు ఇవ్వలేదు, బండి జారుతుంది. వానలో పట్టు ఇంకా తగ్గుతుంది.

దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో పెట్టొద్దనేది కూడా ఈ పాఠంలోదే. 12 టన్నుల బస్సు 700 మీటర్లు దిగితే పోయే స్థితిశక్తి 8.2 కోట్ల జౌళ్లు. అంటే 280 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తెచ్చేంత వేడి. అంతా బ్రేకుల్లోనే పుడితే అవి కాలి పట్టు వదిలేస్తాయి. చిన్న గేరులో దిగితే ఇంజిను కొంత భారం మోస్తుంది. మీ ఇంట్లో బండి నడిపేవాళ్లకు ఈ లెక్క దయచేసి చూపించండి.

నెత్తిన మూట పెట్టుకుని కిలోమీటరు నడిస్తే పని సున్నా అని పుస్తకంలో ఉంది. మరి అలసట ఎందుకు?

పుస్తకంలోది మూట మీద జరిగిన పని. మూటను మీరు పైకి మోస్తున్నారు, అది అడ్డంగా కదులుతోంది, బలం వైపు కదలిక లేదు కాబట్టి సున్నా. అలసట మీ కండరాల్లోది. కండరం బిగిసి ఉండటానికే శక్తి ఖర్చవుతుంది. అదే మూటతో అలిపిరి మెట్లెక్కితే పని సున్నా కాదు. మూట సంగతి పక్కన పెట్టినా, 60 కిలోల మనిషి 700 మీటర్లు పైకి చేరితే సుమారు 4.1 లక్షల జౌళ్లు. మూడు గంటల్లో ఎక్కితే సగటున 38 వాట్లు, ఒక చిన్న బల్బుకు సరిపోయేంత. ఒళ్లు ఖర్చు పెట్టేది దీనికి నాలుగైదు రెట్లు, మిగతాదంతా వేడిగా, చెమటగా పోతుంది.

పరీక్షలో జీ 9.8 వేయాలా, 10 వేయాలా?

ప్రశ్నలో ఏది ఇస్తే అది. ఇవ్వకపోతే 9.8 వేయండి. జవాబు పక్కన ప్రమాణం రాయడం మరవకండి.

భూమికి అవతలి దాకా సొరంగం తవ్వి రాయి వేస్తే?

తిరుపతిలో తవ్వితే పెరూ దేశానికి పడమరగా, పసిఫిక్ మహాసముద్రం అడుగున తేలుతాం. నీళ్లూ, గాలీ, లోపలి వేడీ లేవనుకుందాం. రాయి కిందికి పోయే కొద్దీ దాన్ని లోపలికి లాగే భూమి భాగం చిన్నదవుతుంది. భూమి అంతటా ఒకే సాంద్రత ఉందనుకుంటే జీ తగ్గుతూ తగ్గుతూ కేంద్రం దగ్గర సున్నా అవుతుంది. త్వరణం అక్కడ నిజంగానే సున్నా, కానీ వేగం సెకనుకు 7.9 కిలోమీటర్లు. పైకి విసిరిన బంతికి సరిగ్గా తిరగేసిన బొమ్మ ఇది. రాయి ఆగకుండా అవతలి వైపు ఎక్కుతూ, నెమ్మదిస్తూ, 42 నిమిషాలకు అవతలి అంచు దగ్గర ఒక్క క్షణం నిలుస్తుంది. పట్టుకోకపోతే మళ్లీ ఇంకో 42 నిమిషాలకు మన దగ్గరికి వస్తుంది. రానూ పోనూ 84 నిమిషాలు. నేలను రాసుకుంటూ భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం ఉంటే దానికి ఒక చుట్టుకు పట్టే కాలం కూడా సరిగ్గా అంతే. ఎందుకో వచ్చే క్లాసుకు చేసుకుని రండి.